పదకొండు ఎర్ర తూటాలు

గేడాన్, లూసియానా
8 సెప్టెంబరు 1991

ఒవీద్‌కు,

నీ చెవులెలా ఉన్నాయని అడగను. ఫోనులో అరిచి అరిచి నా గొంతు పోయాకే కదా మనం ఈ ఉత్తరాల్లో పడ్డాం. అరవై ఆరేళ్ళ అక్కని, నీకంటే రెండేళ్ళు పెద్దదాన్ని, ఒక అవసరం పడి రాస్తున్నాను. క్లోవిస్‌కి తెలియదు. తెలిస్తే నా కొడుకు నెల రోజులు నాతో మాట్లాడడు, కాబట్టి జవాబు నా పేరునే రాయి.

సంగతి రెనేది. నా మనవరాలికి మొన్న జూన్‌లో పన్నెండు నిండాయి. పోయిన డిసెంబరులో క్లోవిస్ దాన్ని మొదటిసారి బాతుల వేటకి, మడుగులో రెల్లుతో కట్టిన మాటుకి తీసుకెళ్ళాడు. చేతికిచ్చింది తన పన్నెండు బోరు తుపాకీ. అందులో వేసింది మామూలుదానికంటే బలమైన మూడంగుళాల మాగ్నం తూటా. పిల్ల బరువు ఎనభై పౌండ్లు లేదు. మొదటి దెబ్బకే వెనక్కి పడి పెదవి చిట్లింది. "అంతేనా? లే" అన్నాడట మహానుభావుడు. లేచింది. ఇంకో మూడుసార్లు పేల్చింది, మూడుసార్లూ కళ్ళు గట్టిగా మూసుకునే. చివరిదానికి ఒక బాతు రెక్క విరిగి రెల్లులో పడింది. కుక్క గంటసేపు వెతికినా దొరకలేదు.

భుజం నల్లగా కమిలిపోయినా ఏడవని పిల్ల, ఆ బాతు కోసం ఏడ్చింది. దానికి మావాడన్న మాట వినాలి నువ్వు. "ఏడ్చేవాళ్ళకి మాటులో పనిలేదు" అన్నాడు. అప్పటినుంచి తండ్రీకూతుళ్ళు ఒకే ఇంట్లో అద్దెకున్నవాళ్ళలా ఉన్నారు. ఉప్పు అందుకోవాలన్నా నాకో, కోడలికో చెప్పి అడిగించుకుంటారు.

పిల్లకి మనసు విరిగిపోయిందనే అనుకున్నాను. కానీ పోయిన వారం ట్రాక్టరు షెడ్డులోంచి బాతు కూత వినిపించింది. వెళ్ళి చూస్తే రెనే, తండ్రి పారేసిన పాత ఈలని పెట్టుకుని సాధన చేస్తోంది. నన్ను చూసి జేబులో దాచేసింది. దానికింకా ఆశ ఉంది ఒవీద్. ఈ సీజన్‌లో వాళ్ళిద్దరూ ఒక పడవలో కూర్చోకపోతే ఇంక ఎప్పటికీ కూర్చోరని నా భయం. వచ్చే ఏటికి దాని లోకం వేరే అయిపోతుంది.

పగలంతా రిఫైనరీలో పనిచేసి, సాయంత్రాలు జనాల తుపాకులు బాగుచేసినవాడివి. ఆ రిఫైనరీ యంత్రం నీ ఎడంచేతి రెండు వేళ్ళు మింగినా, మిగిలిన ఎనిమిదితో నువ్వు చేసే పని పదివేళ్ళవాడు చేయలేడని ఇక్కడ ఇప్పటికీ చెప్పుకుంటారు. చెప్పు, ఈ పిల్లకి ఏ తుపాకీ, ఏ తూటా, ఏ చోక్?

అక్క ఎల్మీర్

*

పోర్ట్ ఆర్థర్, టెక్సాస్
16 సెప్టెంబరు

అక్కా,

పిచ్చుక మీద బ్రహ్మాస్త్రం వేసినవాళ్ళ గురించి విన్నాను. పిచ్చుక చేతే బ్రహ్మాస్త్రం వేయించినవాడు మన క్లోవిస్ ఒక్కడే.

వాడిదీ పూర్తిగా తప్పు కాదులే. ఈ ఏడు నుంచి దేశమంతా బాతులకి సీసం గుళ్ళు బంద్, ఉక్కు గుళ్ళే వాడాలన్నారు కదా. ఉక్కు తేలిక, దూరం పోదు. అందుకని మగాళ్ళందరూ ఇంకా పెద్ద తూటా, ఇంకా బిగువైన చోక్ అని ఎగబడుతున్నారు. పెద్దవాళ్ళు ఏం చేసుకున్నా వాళ్ళ భుజం వాళ్ళిష్టం. పిల్లల లెక్క వేరు.

చోక్ అంటే తుపాకీ గొట్టం మూతి దగ్గరుండే ఇరుకు, నువ్వు తోటకి నీళ్ళు పట్టే గొట్టం చూసుకో. చివర బొటనవేలు అడ్డం పెడితే నీళ్ళు సన్నగా, దూరంగా పడతాయి. వేలు తీస్తే దగ్గర్లోనే వెడల్పుగా పడతాయి. క్లోవిస్ తుపాకీకి ఉన్నది బిగువు మూతి. నలభై యాభై గజాల్లో వాడికది పనికొస్తుంది. పాతిక గజాల్లో గుళ్ళన్నీ గుప్పెడంత చోట ముద్దగా పోతాయి. తగిలితే బాతు కూరకి కూడా మిగలదు. అంచున తగిలితే రెక్క విరిగి రెల్లులో పడుతుంది, రెనే బాతుకి జరిగింది అదే. కళ్ళు మూసుకున్నందుకు పిల్లని తిట్టొద్దు. అంత దెబ్బ కొట్టేదాన్ని చూస్తూ ఎవరు పేలుస్తారు?

కాబట్టి దానికి ఇరవై బోరు కావాలి. నంబరు పెద్దదైనా గొట్టం సన్నం, తూటా సన్నం, దెబ్బ తక్కువ. నా దగ్గర ఒకటుంది. భుజానికి ఆనే దాని కర్ర అంగుళమున్నర కోసి, వెనక రబ్బరు మెత్త బిగిస్తాను. మూతికి తెరిపి చోక్, అంటే వేలు తీసిన గొట్టం లాంటిది, పెడతాను. మాటు ముందు పాతిక గజాల దూరంలో నీళ్ళలో ఒక గడకర్ర పాతించు. గడకర్ర అవతల ఏది ఎగిరినా, తెల్ల ఏనుగు ఎగిరినా సరే, పిల్ల తుపాకీ ఎత్తకూడదు. చెవుల్లో బిరడాలు తప్పనిసరి. నాకెవరూ చెప్పలేదు, చూశావుగా నా గతి.

సీజన్ మొదలయ్యాక దుకాణంలో పసుపు రంగు తూటాలు కొనండి, ఇరవై బోరువి ఆ రంగులోనే వస్తాయి, ముప్పాతిక ఔన్సు ఉక్కు గుళ్ళు, సైజు నాలుగో నంబరు. ఈలోపు సాధనకి నేనే ఇంట్లో మెత్తటివి యాభై నింపి పంపుతున్నాను. పాత డొల్లలు పడుంటే వాటిలోనే నింపాను, ఎర్రవి. అవి గుడ్డ మీదకీ, గాల్లోకి విసిరే మట్టి పళ్ళేల మీదకీ మాత్రమే. సీజన్ లోపు మొత్తం కాల్చేయండి. ఒక్కటి కూడా మిగలకూడదక్కా. వాటిలో ఉన్నది సీసం, మడుగులో వేట వార్డెన్ కంట పడితే జరిమానా.

నాకు కారు నడపడానికి డాక్టరు ఒప్పుకోడు కదా, మా నోలన్ లేక్ చార్లెస్ వచ్చినప్పుడు మీ దాకా వచ్చి దింపుతాడు. మావాడికి తుపాకులంటే పడదు, కూర్చోమని బలవంతపెట్టకు.

తమ్ముడు ఒవీద్

*

గేడాన్
14 అక్టోబరు

ఒవీద్‌కు,

నీ కొడుకు ఆ తుపాకీని పామును పట్టుకున్నట్టు పట్టుకుని వచ్చాడు. కాఫీ పోస్తానన్నా, అన్నం కూరి చేసిన బూదెన్ వేడిగా ఉంది తినరా అన్నా వినలేదు. వసారాలో పెట్టి, రెండు అడుగులు వెనక్కి వేసి, "నాన్న అన్నీ కాల్చేయమన్నాడు అత్తా" అని చెప్పి వెళ్ళిపోయాడు. నలభై రెండేళ్ళవాడు, పదేళ్ళప్పుడు ఎంత మాట్లాడేవాడో అంతకు సగం కూడా మాట్లాడటం లేదు.

ఇక అసలు కబురు. నా పాత దుప్పటి ఒకటి బట్టలు ఆరేసే తీగకి కట్టాం. పాతిక గజాలు నేనే అడుగులేసి కొలిచాను. మొదటి తూటాకి రెనే కళ్ళు మూసుకుంది. రెండోదానికీ అంతే. మూడోదానికి ఒక కన్ను తెరిచింది. నాలుగోది పేల్చి నా వైపు తిరిగి, "నానమ్మా, ఇది కొట్టడం లేదు" అంది. "కొట్టకేం, దుప్పటంతా చిల్లులే" అన్నాను. "కాదు, నన్ను కొట్టడం లేదు" అంది.

నేను కాసేపు తల తిప్పుకుని తీగ సర్దుతున్నట్టు నటించాను.

అప్పుడే క్లోవిస్ పొలంనుంచి వచ్చాడు. దాచేది ఇంకేముంది. "ఎక్కడిదిది?" అన్నాడు. "మీ మామ పంపాడు" అన్నాను. "బొమ్మ తుపాకీ. దీంతో బాతుల్ని చంపరు, గాయపరుస్తారు" అన్నాడు. నాకు ఒళ్ళు మండింది. "అయితే నీ ఫిరంగి తెచ్చి దీని పక్కనే కాల్చు, చూద్దాం" అన్నాను. వాడు ఊరుకునే రకమా? తెచ్చాడు. దుప్పటి రెండో సగం మీద వాడూ నాలుగు పేల్చాడు.

చీకటి పడటంతో మర్నాడు పొద్దున్న చూసుకున్నాం. వాడి వైపు నడిమధ్యన నా గుప్పెడు పట్టేంత బొక్క, చుట్టూ అక్కడో చుక్క ఇక్కడో చుక్క. పిల్ల వైపు బండి చక్రమంత మేర సమంగా చిల్లులు, బాతు పట్టేంత సందు ఎక్కడా లేదు. క్లోవిస్ ఆ దుప్పటి ముందు టోపీ తీసి నిలబడ్డాడు, పెట్టుకున్నాడు, మళ్ళీ తీశాడు. కూతురితో ఇంకా మాట్లాడలేదు. కానీ సాయంత్రం రేవు వైపు వెళ్తుంటే వాడి భుజం మీద గడకర్ర కనిపించింది.

ఇంకొకటి. గాయపడిన ఆ బాతు గురించి రెనే నన్ను రోజూ అడుగుతోంది, చచ్చిపోయి ఉంటుందా, బతికి ఉంటుందా అని. నాకేం చెప్పాలో తెలియదు. నువ్వే రాయి.

అక్క

*

పోర్ట్ ఆర్థర్
21 అక్టోబరు

నా చిట్టితల్లి రెనేకి,

ఆ బాతు చచ్చిపోయి ఉంటుందమ్మా. నీకు అబద్ధం చెప్పను. రెక్క విరిగితే మడుగులో ఎక్కువ రోజులు బతకదు.

నువ్వు ఏడ్చావని మీ నానమ్మ రాసింది. మంచి పని చేశావు. నలభై ఏళ్ళు మాటుల్లో కూర్చున్నాను. అరవై గజాల్లో పోయే బాతుని చూసి "తగిలితే తగిలింది" అని పేల్చేవాడు ఎప్పుడూ ఏడవడు. నీలాంటివాళ్ళు మాత్రం బాతు దగ్గరికి వచ్చేదాకా ఆగుతారు. ఆగడం నేర్చుకున్నవాళ్ళ చేతిలో బాతులకి ఆ గాయాలు తగ్గుతాయి. పూర్తిగా పోవు, తగ్గుతాయి.

బాతులు ఎరగా తేలించిన బొమ్మ బాతుల మీదికి దిగేటప్పుడు కాళ్ళు ముందుకి చాపుతాయి. వాటి కాళ్ళ రంగు కనిపించిందా, అప్పుడు లే. దాని తలని చూడు, తుపాకీని చూడకు. ఒకటి కిందపడ్డాక ఇంకోదాని కోసం చూడకు, ముందు పడినదాన్ని తెచ్చుకో.

చెవుల్లో బిరడాలు ఉంటే నీకు మీ నాన్న మాటలు సరిగ్గా వినపడవు. కొన్నాళ్ళు అదీ మంచిదే.

తాతయ్య ఒవీద్

*

గేడాన్
13 నవంబరు, బుధవారం

ఒవీద్‌కు,

శనివారం సీజన్ మొదలు. క్లోవిస్ ఆదివారం భోజనాల దగ్గర, పిల్లవైపు చూడకుండా గిన్నెలోని గంబో పులుసుతో మాట్లాడుతున్నట్టు, "పడవలో ఇంకొకరికి చోటుంది" అన్నాడు. రెనే కూడా గంబోకే జవాబిచ్చింది, "నా తుపాకీ నేనే మోసుకుంటా" అని. నేనూ కోడలూ బల్లకింద ఒకరి చెయ్యి ఒకరు పట్టుకున్నాం.

శుక్రవారం మధ్యాహ్నానికే మడుగులోని వేట క్యాంపుకి వెళ్ళిపోతున్నాం. వంటకి నేనూ వెళ్తున్నాను. ఇద్దరూ కొట్టుకున్నా, కలిసిపోయినా నేను చూడకుండా ఏదీ జరగడానికి వీల్లేదు. ఆసుపత్రిలో డ్యూటీ ఉందని కోడలు ఊళ్ళోనే ఉంటుంది.

పసుపు తూటాలు రెండు పెట్టెలు కొన్నాం. నువ్వు పంపినవి పిల్ల ముప్పై తొమ్మిది కాల్చింది. పదకొండు మిగిలాయి. నువ్వు అన్నీ కాల్చేయమన్నావు కానీ, నీ చేత్తో నింపినవి ఊరికే గాల్లోకి పేల్చడానికి నాకు మనసొప్పలేదు. పొలంలో కాకులకి పనికొస్తాయిలే అని క్లోవిస్ వేటకోటు జేబులో వేశాను. ఆ కోటుకి జేబులే జేబులు, వార్డెన్ వచ్చినా ఏ జేబని వెతుకుతాడు?

ప్రార్థించు మాకోసం. బాతుల కోసం కాదు.

అక్క

*

పోర్ట్ ఆర్థర్
15 నవంబరు, శుక్రవారం సాయంత్రం

అక్కా,

నీ ఉత్తరం నాలుగింటికి అందింది. పక్కింటి తెరియో వాళ్ళావిడ చేత మీ ఇంటికి ఆరుసార్లు ఫోను చేయించాను. ఎవరూ ఎత్తలేదు. ఆసుపత్రికి చేస్తే నీ కోడలు పనిలో ఉందన్నారు. దొరికినా ఆమె ఏం చేస్తుంది, క్యాంపుకి ఫోను లేదు, రోడ్డు లేదు.

నోలన్‌కి చేయించాను. ఆవిడ చెప్తుంటే నేను ఆవిడ మొహమే చూస్తూ నిలబడ్డాను. "ఆ పదకొండూ క్లోవిస్ కోటులో ఉన్నాయట" అని చెప్పించాను, అంతే. ఆవిడ ఫోను పెట్టేసి, "మీవాడు మధ్యలోనే పెట్టేశాడండీ, కారు తాళాలు తీస్తున్న చప్పుడు వినిపించింది" అంది.

ఈ ఉత్తరం సమయానికి నీకు చేరదని తెలుసు. ఊరికే కూర్చోలేక రాస్తున్నాను. తప్పు నీది కాదు. ముందే ఈ మాట రాసి పెడుతున్నాను, తర్వాత ఏం జరిగినా.

ఒవీద్

*

గేడాన్
18 నవంబరు

ఒవీద్‌కు,

అందరం బతికే ఉన్నాం. అందరి వేళ్ళూ, కళ్ళూ ఎక్కడివక్కడే ఉన్నాయి. ముందు ఊపిరి పీల్చుకో, తర్వాత చదువు.

శనివారం తెల్లారే వేళ. వాళ్ళిద్దరూ మాటులో. రెనే క్లోవిస్ ఎడంపక్కన. మొదటి గుంపు దిగింది, చిన్న బాతులు. క్లోవిస్ ఆగాడట, నమ్ముతావా? పిల్ల లేచింది, ఒక్కటే తూటా, ఒక్క బాతు. నీళ్ళలో పడి కదల్లేదు. కుక్క తెచ్చి పిల్ల చేతికిచ్చింది.

రెండో గుంపుకి క్లోవిస్ లేచాడు. వాడిది మీదొకటి కిందొకటి గొట్టాలున్న తుపాకీ, నీకు తెలిసిందే. మీట నొక్కితే 'టిక్' అంది, పేలలేదు. మడత విప్పి చూశాడు. పై గొట్టం ఖాళీ. చీకట్లో వేయడం మర్చిపోయాననుకున్నాడు. వాడి పన్నెండు బోరు తూటాలూ ఎర్రవే, జేబులోంచి ఇంకొకటి తీసి పెట్టబోయాడు. రెనే వాడి మణికట్టు పట్టుకుంది.

"నాన్నా, ఆగు. నువ్వు రెండూ వేశావు."

"వేయలేదే, ఖాళీగా ఉంది చూడు. చెయ్యి వదులు, బాతులు తిరిగొస్తున్నాయి."

"వేశావు. నేను చూశాను. ఒకటి కింద, ఒకటి పైన. పైది ఏమైంది?"

"మళ్ళీ మొదలెట్టావా భయం?"

"భయం కాదు. వేశావు!"

అంత గట్టిగా ఆ పిల్ల వాడిమీద ఎప్పుడూ అరవలేదు. బాతులు అటునుంచి అటే పోయాయి. క్లోవిస్ విసుగ్గా కింది తూటా కూడా తీసేసి, గొట్టాలు ఆకాశంవైపు ఎత్తి చూశాడు. కింది గొట్టంలో ఆకాశం కనిపించింది. పై గొట్టంలో కనిపించలేదు.

రెల్లుపుల్లతో పొడిస్తే నీ ఎర్ర తూటా బయటికొచ్చింది. ఇరవై బోరుది. సన్నం కదా, పన్నెండు బోరు గొట్టంలోకి జారి, బెత్తెడు దూరంలో బిరడాలా కూర్చుంది. వెనకనుంచి చూస్తే ఏమీ లేనట్టే ఉంది. దాని వెనక పెద్ద తూటా పెట్టి పేల్చి ఉంటే గొట్టం చీలిపోయేది. క్లోవిస్ ఎడంచెయ్యి దానికిందే ఉంది. ఆ పక్కనే రెనే మొహం ఉంది.

క్లోవిస్ మాటు బల్లమీద కూలబడ్డాడట. తుపాకీ ఒళ్ళో అడ్డంగా పెట్టుకున్నాడట. ఎండ ఎక్కాక ఇద్దరూ క్యాంపుకి వచ్చారు. తూటాని సాసరులో పెట్టి నాముందు బల్లమీద ఉంచాడు. ఆ జేబులో వేసింది నేను. నా చేత్తో వేశాను, కాకులకి పనికొస్తుందని.

రాత్రంతా రేవులో పడవ కోసం తిరిగి, తొమ్మిదింటికి ఎవరిదో అడుక్కుని నోలన్ వచ్చాడు, నడుం దాకా బురద. ఎవరినీ పలకరించలేదు. కొక్కేనికున్న కోటు దింపి జేబులన్నీ తిరగేశాడు. సన్నవి ఏరి లెక్కపెట్టాడు. పది. "ఇంకొకటేది?" అన్నాడు. క్లోవిస్ సాసరు చూపించాడు. నోలన్ దాన్ని చూసి, రెనే దగ్గరికి వెళ్ళి, దాని తల పట్టుకుని తన పొట్టకి అదుముకున్నాడు. బురదంతా పిల్లకి పూసేశాడు. తర్వాత కూర్చుని రెండు గిన్నెల గంబో తిన్నాడు, ఈసారి నేను అడగకుండానే.

ఇప్పుడు నువ్వు చెప్పు. ఎందుకన్నీ కాల్చేయాలో నాకు సీసం, వార్డెన్ అన్నావు. జరిమానాకి భయపడి ఏ మనిషీ రాత్రికి రాత్రి తొంభై మైళ్ళు కారు నడపడు, బురదలో దిగడు. నోలన్‌ని అడిగితే "నాన్ననే అడుగు" అన్నాడు. అడుగుతున్నాను.

ఎల్మీర్

*

పోర్ట్ ఆర్థర్
25 నవంబరు

అక్కా,

నీ ఉత్తరం మొదటి రెండు వాక్యాలు చదివి పక్కన పెట్టేశాను. మొహం కడుక్కుని వచ్చి మిగతాది చదివాను. ఇంత హాయి నా ఒంట్లోకి ఎన్నేళ్ళ తర్వాత వచ్చిందో చెప్పలేను.

నా వేళ్ళు రిఫైనరీ యంత్రం తినలేదు. 1959 డిసెంబరులో, సబీన్ మడుగులో, నా సొంత తుపాకీ తినేసింది. సరిగ్గా ఇదే తప్పు. నోలన్‌కి పదేళ్ళు. చేతులు గడ్డకట్టుకుపోతున్నాయని వాడి ఇరవై బోరు తూటాలు కొన్ని నా జేబులో వేశాడు. ఆ రోజుల్లో ఇరవై బోరుకి పసుపు అనే రంగు లెక్క కూడా లేదు. నాకూ 'టిక్' అంది. నేనూ మర్చిపోయాననుకున్నాను. నా మణికట్టు పట్టుకునేవాళ్ళు లేరు.

అసలు పాపం అది కాదు. రక్తం కారుతున్న చెయ్యి పట్టుకుని నేను పిల్లాడిమీద అరిచాను, "ఎవడు వేయమన్నాడురా నా జేబులో?" అని. వాడు మళ్ళీ తుపాకీ ముట్టలేదు. ఊళ్ళో మీ అందరికీ రిఫైనరీ కథ చెప్పాను. పిల్లాడి మీదికి నింద రాకూడదని అని నాకు నేనే చెప్పుకున్నాను. అబద్ధం. తన తూటా తాను గుర్తుపట్టలేని మనిషి దగ్గరికి తుపాకీ బాగుచేయించుకోవడానికి ఎవరొస్తారు? నా పేరు పోతుందనే భయం. ఆ పేరు కాపాడుకోవడానికే నీకు కూడా సీసం అని రాశాను. అసలు కారణం రాసి ఉంటే నువ్వు ఆ పదకొండూ కోటు దగ్గరికి కూడా రానిచ్చేదానివి కాదు. చేతులు కాలాక ఆకులు పట్టుకోవడం అంటే ఇదే. దేవుడి దయ, ఈసారి చేతులు కాలలేదు.

నిన్న ఆదివారం నోలన్ వచ్చాడు. నేను వాడి ఎదురుగా కూర్చుని, "ఒరేయ్, ఆ రోజు తప్పు నాది. జేబు నాది, తుపాకీ నాది, చూసుకోవాల్సింది నేను" అన్నాను. ముప్పై రెండేళ్ళు పట్టింది ఆ ఒక్క ముక్క అనడానికి. వాడు నా చెవి దగ్గర నోరు పెట్టి అరిచాడు: "తెలుసు నాన్నా! పదిహేనో ఏటే తెలిసింది! ఇప్పుడు వీధిలో వాళ్ళందరికీ కూడా తెలిసింది! అన్నం పెట్టు!"

పెట్టాను. తినేటప్పుడు ఇద్దరం ఒకటే నవ్వు. తెరియో వాళ్ళావిడ కిటికీలోంచి తొంగి చూసింది కూడా.

నన్ను తిట్టాలనుంటే తిట్టు అక్కా. నాకిప్పుడు తిట్లు కూడా రుచిగానే ఉంటాయి.

ఒవీద్

*

గేడాన్
2 డిసెంబరు

ఒరేయ్ ఒవీద్,

ముప్పై రెండేళ్ళు. ముప్పై రెండేళ్ళు నీ వేళ్ళ కోసం కొవ్వొత్తులు వెలిగించాను. ఆ రిఫైనరీని తిట్టని తిట్టు లేదు. నీకు సిగ్గుందా? ఉంది, చాలా ఉంది, అందుకే కదా ఇంత దూరం వచ్చింది. ఇంక తిట్టను. మొన్న ఆ సాసరు చూసినప్పటినుంచి నాకు ఎవరినీ తిట్టాలనిపించడం లేదు. నువ్వు చెప్పకపోవడమూ, నేను చెప్పినమాట వినకపోవడమూ కలిసి ఆ గొట్టంలోకి జారాయి. సగం సగం పంచుకుందాం.

నేనూ పోయిన ఉత్తరంలో ఒక మాట దాచాను. రాయడానికి చెయ్యి రాలేదు. మాటు బల్లమీద కూలబడ్డ క్లోవిస్ చాలాసేపటికి, "నేను తూటాలు వేయడం నువ్వెందుకు చూశావే? అందరూ ఆకాశం చూస్తారు కదా" అని అడిగాడట. పిల్ల ఉన్నదున్నట్టు చెప్పింది: "పెద్ద తుపాకీ మళ్ళీ నాకిస్తావేమోనని. పొద్దుటినుంచి నీ చేతులే చూస్తున్నా."

ఇది నాకు చెప్పింది రెనే కాదు, క్లోవిస్. వంటగదిలో నా భుజంమీద తల పెట్టుకుని, నలభై ఏళ్ళవాడు, వెక్కి వెక్కి ఏడుస్తూ చెప్పాడు. "నా చేతులంటే దానికి భయమమ్మా" అన్నాడు. నేను వాడి వీపు నిమురుతూ ఉండిపోయాను. ఏడ్చేవాళ్ళకి మాటులో పనిలేదని అన్నదెవరో గుర్తుచేద్దామనుకున్నాను. చేయలేదు, ముసలితనంలో కాస్త మంచిదాన్ని అవుతున్నాను.

ఆ తర్వాత రెండు శనివారాలూ వాళ్ళిద్దరే వెళ్ళారు. ఉప్పు ఇప్పుడు నేరుగా అడుగుతున్నారు. బాతులు మాత్రం తక్కువే తెస్తున్నారు. ఎందుకో వాడే నీకు రాస్తానన్నాడు. బడి మానేశాక వాడు పెన్ను పట్టడం నేను చూడలేదు. ఆ కాగితం ఇందులోనే పెడుతున్నాను.

అక్క

మామయ్యకి,

రెనే పాతిక గజాల్లో బాగా కాలుస్తోంది. గడకర్ర దాటి ఒక్కసారి కూడా తుపాకీ ఎత్తలేదు. ఇబ్బంది నాతోనే. నా బిగువు చోక్‌తో నేను నలభై యాభై గజాల్లో పేల్చేస్తున్నాను, బాతులు బెదిరి దాని దాకా రావడం లేదు. అది ఏమీ అనదు. ఈల ఊది మళ్ళీ పిలుస్తుంది, అంతే. నా తుపాకీకి ఏ చోక్ పెట్టుకోమంటావు? నిన్ను ఇంతకుముందే అడగాల్సింది.

క్లోవిస్

*

పోర్ట్ ఆర్థర్
6 డిసెంబరు

క్లోవిస్‌కి,

నీకూ తెరిపిదే. పొట్లంలో రెండు పంపుతున్నాను, నీ గొట్టాలకి సరిపోతాయి, అలాంటి తుపాకీకే నేను మర బిగించి చూశాను. తూటాలు కూడా తేలికవి కొనుక్కో. భుజం బాగుంటుంది, నలభై దాటావు.

అది లేచేదాకా నువ్వు లేవకు.

మామయ్య